నడక ముగిశాక...

1948 ఆగస్టు 5. అమెరికాలో ఈశాన్యాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ. ముప్ఫై నిండడానికి ఇంకా మూడు నెలలున్న ఓ కుర్రాడు వీపున సంచితో శిఖరానికి చేరుకున్నాడు. ఎక్కడో దక్షిణాన జార్జియాలో నడక మొదలుపెట్టి అప్పటికి 124 రోజులు. ఇంక నడవడానికి దారి లేదు. ఇంటికెళ్లాలి. అసలు కష్టం అక్కడే మొదలు.

అతని పేరు ఎర్ల్ షాఫర్. పెన్సిల్వేనియావాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేశాడు. చిన్ననాటి స్నేహితుడు వాల్టర్ కూడా యుద్ధానికి వెళ్లాడు. అంతా అయిపోయాక ఇద్దరూ కలిసి అపలాచియన్ ట్రెయిల్ మొత్తం నడవాలనుకున్నారు. 1945లో ఇవోజిమాలో వాల్టర్ చనిపోయాడు. షాఫర్ ఒక్కడే తిరిగొచ్చాడు. బయట యుద్ధం ముగిసినా లోపల ముగియలేదు. దాన్ని నడిచి నడిచి వదిలించుకోవాలనే బయల్దేరాడు.

14 రాష్ట్రాల మీదుగా అడవుల్లో, కొండల మీద సాగే కాలిబాట అది. 1937లో పూర్తయింది. ఇప్పటి లెక్కలో దాదాపు 3,500 కిలోమీటర్లు. యుద్ధకాలంలో పట్టించుకునేవారు లేక చాలాచోట్ల పొదలు కమ్మేశాయి. షాఫర్ దగ్గర గైడు పుస్తకాల్లేవు, రోడ్డు మ్యాపులే. బరువని టెంటు కూడా వదిలేశాడు. మేజోళ్లు లేకుండానే బూట్లు తొడిగి నడిచాడు. ట్రెయిల్‌ని చూసుకునే సంఘంవాళ్లు మొదట నమ్మనే లేదు. డైరీ, స్లైడ్లు చూపించాక ఒప్పుకున్నారు. ఆ బాటని ఒకే ప్రయాణంలో ఈ కొస నుంచి ఆ కొసకి నడిచిన తొలి వ్యక్తిగా రికార్డుల్లో ఉన్నది అతని పేరే.

సరే, నమ్మారు. మరి ఆ తర్వాత?

ఆ సంగతి ఇప్పుడు ఆ బాట నడిచి వచ్చేవాళ్లని అడగాలి. అక్కడ ఐదారు నెలలపాటు రోజుకి ఒకటే పని. లేవడం, సంచి తగిలించుకోవడం, నడవడం. నాలుగైదు రోజుల తిండి, మార్చుకోవడానికి ఒక జత బట్టలు... బరువు తగ్గుతుందని టూత్‌బ్రష్ పిడిని సగానికి విరిచేసేవాళ్లూ ఉన్నారు! అమ్మానాన్నలు పెట్టిన పేరుతో కూడా పని లేదు, తోటి నడకవాళ్లు తగిలించిన ముద్దుపేరే చాలు. ఎటు వెళ్లాలో తోచకపోతే తలెత్తి చూస్తే సరి. చెట్ల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున తెల్లరంగు గీతలుంటాయి.

ఇంటి దగ్గర ఆ గీతలుండవు. నెలల తరబడి నడిచిన పాదాలు పాత బూట్లలో పట్టవు. మెత్తటి పరుపు మీద నిద్రపట్టక నేల మీద దుప్పటి పరుచుకునేవాళ్లుంటారు. నడక ఆగుతుంది గానీ ఆకలి ఆగదు. కొండలెక్కినప్పటి తిండే కావాలంటుంది. సూపర్‌మార్కెట్‌లో ఇరవై రకాల బిస్కెట్ల ముందు ఏది తీసుకోవాలో తెలియక నిలబడిపోతారు. ఆఫీసులో ‘ట్రిప్పు ఎలా జరిగింది?’ అని అడుగుతారు. ‘బాగానే జరిగింది’ అనేలోపు అవతల ఫోన్ మోగుతుంది. అడిగినవాళ్ల తప్పేం లేదు. ఐదు నెలల్ని ఒక్క మాటలో ఎలా చెప్పాలి? కొందరిని దిగులు పట్టుకుంటుంది. అది వారాలు, నెలలు గడిచినా ఓ పట్టాన వదలదు.

ఈ విషయంలో మన పెద్దవాళ్లకు కాస్త ముందుచూపు ఉన్నట్టే. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనుకునే రోజుల్లో, క్షేమంగా తిరిగొచ్చినవాడు మర్నాడే పనిలో పడిపోయేవాడు కాదు. గంగచెంబుకు పూజ చేసి, బంధువుల్నీ ఇరుగుపొరుగునీ పిలిచి కాశీ సమారాధన చేసేవాడు. చేతికి కట్టుకోవడానికి తలా ఓ కాశీదారం. భోజనానికొచ్చినవాళ్లు దారి కబుర్లన్నీ వినాల్సిందే మరి! వెళ్లినవాడు వచ్చేశాడని ఊరికీ తెలిసేది, వాడికీ తెలిసేది. కటాడిన్ దిగినవాడి కోసం అలా ఎవరూ విస్తళ్లు వెయ్యరు. బస్సెక్కి ఇంటికి పోవడమే.

షాఫర్ పూర్తిగా తిరిగొచ్చాడా అంటే చెప్పడం కష్టం. పెళ్లి చేసుకోలేదు. పెన్సిల్వేనియా పల్లెలో తేనెటీగలు పెంచుకుంటూ, పాత వస్తువులు కొని అమ్ముకుంటూ ఒంటరిగా బతికాడు. తన నడక గురించి రాసుకున్న పుస్తకం జనంలోకి రావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఈలోగా తన ప్రాంతంలో ట్రెయిల్ బాగుచేసే పనుల్లో చెయ్యి వేసేవాడు. తిరిగి రావడంలో అదీ ఒక పద్ధతే కాబోలు. 1965లో మళ్లీ సంచి తగిలించుకున్నాడు. ఈసారి ఉత్తరం నుంచి దక్షిణానికి, 99 రోజుల్లో.

1998లో మూడోసారి. అప్పటికి 79 ఏళ్లు. యాభై ఏళ్లలో దారి చాలాచోట్ల మారిపోయింది. నడవాల్సిన బాటని ఇంత కష్టంగా ఎందుకు చేశారని పెద్దాయన సణుక్కున్నాడు. సణుక్కుంటూనే అక్టోబరు 21న, 80 నిండడానికి మూడు వారాలైనా లేదనగా, మళ్లీ కటాడిన్ ఎక్కాడు. 2002లో కన్నుమూశాడు. మేజోళ్లు లేకుండా తొడిగిన ఆ 1948 నాటి బూట్లు, దారిలో రాసుకున్న డైరీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌కు చేరాయి.