వేవిళ్ళు అనుకున్నాము

2022 ఏప్రిల్ మొదటి వారంలో మా తడ మండలం నెల్లూరు జిల్లాను వీడి, కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. దానికి రెండు రోజుల ముందే రమజాను నెలవంక కనిపించింది. ఊరంతా ఈ రెండు విషయాలే మాట్లాడుకుంటున్న ఆ రోజుల్లో మా రెండవ కుమార్తె తొలి గర్భంతో నాయుడుపేట నుండి పుట్టింటికి వచ్చింది. అప్పటికి ఎనిమిదవ వారం. బస్సు దిగి ఇంటికి నడిచి వచ్చే ఆ కొద్ది దూరంలో రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడిపోయింది. మేము వేవిళ్ళు అనుకున్నాము.

వచ్చిన మొదటి రాత్రే చేతిసంచిలో నుండి మాత్రల అట్ట తీసి చూపించింది. "అబ్బా, అక్కడి డాక్టరమ్మ వాంతులకని రాసిచ్చింది. వేసుకోవచ్చా?" అని అడిగింది. భర్త వేసుకోమన్నాడట, అత్తగారు వద్దన్నారట. మా మాట కోసం ఆగింది. మేము ఆ అట్టను తిప్పి కూడా చూడలేదు. "కడుపులో బిడ్డ ఉండగా మాత్రలెందుకు బేటీ? వేవిళ్ళు ఎవరికి రాలేదు? సహనం వహించు, పుణ్యం దక్కుతుంది" అన్నాము. ఆమె తల్లి కూడా మా మాటనే బలపరచింది. నాలుగు కాన్పులూ నిమ్మకాయ ఊరగాయతోనే గట్టెక్కానని చెప్పింది. అది నిజమే. ఆమెకు వచ్చినవి వేవిళ్ళే.

తరువాతి పన్నెండు రోజులు మా ఇంట ఎలా గడిచాయో చెప్పాలి. పులికాట్ వైపు నుండి గాలి వీస్తే చేపల వాసనకు కిటికీలు మూయవలసి వచ్చేది. ఇఫ్తారుకు పక్కింట నూనె కాగితే ఆమె లోపలి గదిలో ముఖానికి దుప్పటి కప్పుకునేది. చివరకు మేము పూసుకునే అత్తరు కూడా ఆమెకు సరిపడలేదు. మంచినీళ్ళు కూడా కడుపులో నిలిచేవి కావు. అత్తవారింటి నుండి బయలుదేరినప్పుడు 52 కిలోలు ఉన్న పిల్ల 46 కిలోలకు దిగిపోయింది. మూత్రం ముదురు రంగుకు మారి, పూటకు ఒకసారి కూడా రావడం లేదని తల్లితో చెప్పిందట. ఆ మాట మా దాకా రాలేదు. మేము అడగనూ లేదు.

ఉపవాసాల విషయంలో మాత్రం మొదటి రోజే వద్దన్నాము. గర్భవతికి, పాలిచ్చే తల్లికి ఉపవాసంలో ఇచ్చిన వెసులుబాటు మాకు కంఠస్థం. తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉంటే విడిచిపెట్టి తరువాత ఖజా చేసుకోవాలని ప్రతి ఏటా విద్యార్థులకు బోధిస్తాము. విధిగా చేయవలసిన ఉపవాసాన్నే విడిచిపెట్టదగిన స్థితిలో ఉన్న పిల్ల, ఒక మాత్ర వేసుకోదగిన స్థితిలో మాత్రం లేదని ఎలా అనుకున్నామో ఈనాటికీ మాకు అంతుబట్టదు.

వుజూ సంగతి అంతకంటె బాధాకరం. ఒక రాత్రి ఇషా నమాజుకు వుజూ చేసుకుని గుమ్మం దాటకముందే వాంతి అయింది. "మళ్ళీ చేయాలా అబ్బా?" అని లోపలి నుండి అడిగింది. మేము పుస్తకం మీది నుండి తల ఎత్తకుండానే "నోటి నిండా వాంతి అయితే వుజూ భంగమవుతుంది, చేయాలి" అన్నాము. ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ అయింది. నాలుగవసారి నీళ్ళ తొట్టి పక్కన స్పృహ తప్పి పడిపోయింది.

దాదాపు ముప్పై ఏళ్ళుగా హనఫీ ఫిఖ్హ్‌ పాఠం చెబుతున్నాము. నోరు నిండని కొద్దిపాటి వాంతితో వుజూ భంగం కాదన్నది ఆ వాక్యానికి రెండవ సగం. ఆమెకు ఎంత వచ్చిందో మేము అడగలేదు. ఆరోగ్య కారణం వల్ల వుజూ నిలవని వారికి ప్రత్యేక ఆదేశం ఉంది. నీళ్ళు వాడితే హాని కలిగే రోగికి తయమ్ముమ్ ఉంది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని సైగలతో నమాజు చేయవచ్చు. వీటిలో ఏది మా కుమార్తెకు వర్తిస్తుందని విచారించనైనా లేదు. ఎవరో అపరిచితురాలు ఉత్తరం రాసి అడిగి ఉంటే అన్నీ విచారించి నాలుగు పేజీల సమాధానం రాసేవాళ్ళము.

ఆ రాత్రే ఆటోలో సూళ్ళూరుపేట తీసుకువెళ్ళాము. మూత్ర పరీక్షలో కీటోన్లు ఉన్నాయన్నారు. అంటే ఆహారం అందక శరీరం తన కొవ్వునే కరిగించుకుంటోందని అర్థం. "ఇవి వేవిళ్ళు కావండీ, దీన్ని హైపరెమెసిస్ అంటారు" అన్నది డ్యూటీ డాక్టరమ్మ. సెలైను కట్టి, గ్లూకోజుకు ముందు బి1 విటమిన్ సూది వేశారు. అనేక రోజులు తిండి నిలవని వారికి ఆ విటమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు ప్రమాదమట. "మాత్రలు రాసిచ్చారు కదా, ఎవరు వద్దన్నారు?" అని ఆమె అడిగితే మా కుమార్తె గోడవైపు తిరిగి పడుకుంది. "మేమే" అని చెప్పాము.

డాక్టరమ్మ కోపగించలేదు. మా భయానికి ఒక చరిత్ర ఉందని చెప్పింది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికి వచ్చింది. గర్భిణుల వాంతులకు కూడా దానిని ఇచ్చారు. 1961 చివర అక్కడ నిలిపివేసేనాటికి అనేక దేశాలలో వేలాది మంది శిశువులు చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడకుండా పుట్టారు. మా పెద్దలు "గర్భిణికి మందు వద్దు" అన్నదాని వెనుక ఆ నీడ కొంత ఉండవచ్చు. అయితే మా కుమార్తెకు రాసిచ్చినది అది కాదు. డాక్సిలమైన్, బి6 విటమిన్ కలిసిన మాత్ర. అమెరికాలో 1956 నుండి వాడుకలో ఉన్న ఈ కలయిక మీద కూడా దావాలు పడ్డాయి. తయారీదారు 1983లో మార్కెట్టు నుండి తీసివేశాడు. ఎన్నో అధ్యయనాలు జరిగినా శిశువులకు లోపం కలిగిస్తుందని తేలలేదు. చివరకు 2013లో అక్కడి ప్రభుత్వ ఔషధ సంస్థ అదే కలయికకు తిరిగి అనుమతి ఇచ్చింది. మందు లేని ముప్పై ఏళ్ళలో అక్కడ ఎందరు తల్లులు మా కుమార్తెలా పడి ఉంటారో!

వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ రాత్రంతా ఆలోచించాము. వైద్యం చేయించుకోవచ్చా అని పల్లెవాసులు అడిగినప్పుడు చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించిన హదీసును ఉసామా బిన్ షరీక్ (ర) ఉల్లేఖించారు. దాని మీద మేము శుక్రవారం ప్రసంగాలు చేసి ఉన్నాము. లుఖ్మాన్ సూరాలో అల్లాహ్ తల్లి పడే వరుస బలహీనతలను ప్రస్తావించి, ఆమె పట్ల కృతజ్ఞత చూపమని సంతానానికి ఆజ్ఞాపించాడు. ఆ ఆయతును పిల్లల చేత వల్లె వేయించే మేము, ఆ బలహీనత మా గుమ్మంలో నిలబడితే దానికి సహనం అని పేరు పెట్టాము. మందు మింగి పడే కష్టంలోనూ సహనం ఉంటుంది. మింగవద్దన్న మాకు అందులో ఖర్చయినది ఏమీ లేదు.

మూడు రోజులకు ఇంటికి వచ్చింది. మాత్ర వేసుకున్నా వాంతులు పూర్తిగా ఆగలేదు. కాని గంజి నిలిచింది, నీళ్ళు నిలిచాయి. ఇరవయ్యవ వారానికి లేచి తిరిగింది. ఆ మాత్రతో మత్తు వస్తుంది. ఫజ్రు తప్పిపోతోందని ఒక ఉదయం ఏడ్చింది. లేపే ఏర్పాటు చేసుకున్నా నిద్ర వదలకపోతే మేల్కొన్న వెంటనే చేసుకోవాలి, నిద్రలో ఉన్నవారి మీద దోషం లేదని చెప్పాము. ఈసారి తల ఎత్తి, ఆమె ముఖం చూసి చెప్పాము.

శిశువు క్షేమంగా పుట్టాడు, అల్‌హమ్దులిల్లాహ్. 2023 డిసెంబరులో ఒక పరిశోధన వెలువడింది. గర్భంలో తయారయ్యే జీడీఎఫ్ 15 అనే హార్మోను ఈ జబ్బుకు ముఖ్య కారణమనీ, గర్భానికి ముందు అది తక్కువగా ఉన్న స్త్రీలకు బాధ ఎక్కువనీ అందులో తేలింది. దాని కోసం ఏళ్ళ తరబడి శ్రమించిన మార్లీనా ఫేజో అనే శాస్త్రవేత్త స్వయంగా ఈ జబ్బుతో గర్భం పోగొట్టుకున్న తల్లి. ఇది గారాబమని, మనోబలం లేకపోవడమని అనేవారు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. రోజంతా నీళ్ళు నిలవకపోయినా, మూత్రం తగ్గిపోయినా, లేస్తే కళ్ళు తిరిగినా ఆలిమును అడగడానికి ఆగకండి, ముందు డాక్టరు వద్దకు వెళ్ళండి. ఏ మాత్ర, ఎంత అన్నది వారు చెప్పాలి, మేము కాదు.

మా కుమార్తె ఇప్పుడు రెండవ గర్భంతో ఉంది. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ కనుక, వాంతులు ముదరకముందే డాక్టరమ్మ మాత్ర మొదలుపెట్టించింది. ఇషా తరువాత మేము నాయుడుపేటకు ఫోను చేస్తాము.

"వేసుకున్నావా బేటీ?"

"వేసుకున్నాను అబ్బా. నిద్ర వస్తోంది, పెట్టేస్తాను."