కాజీపేట ఇంజను, పెండ్లి కారు

తెలుగు బోధించే మేము ఇంజనులను గూర్చి వ్రాయబూనడం చూసి మా విజ్ఞానశాస్త్ర విభాగపు మిత్రులు నవ్వుకొనవచ్చును. కాని యంత్రం నేడు యంత్రశాస్త్రజ్ఞుల సొత్తు మాత్రమే కాదు. దాని మీద అప్పు తెచ్చినవాడిది, దానిని బాగుచేసి బ్రతికేవాడిది కూడా. మా కళాశాలలో చదివి వెళ్లిన యువకుడొకడు కొంతకాలం క్రిందట అప్పు చేసి, ఇతరులు వాడి అమ్మిన ఖరీదైన కారు ఒకటి కొన్నాడు. వరంగల్, హనుమకొండలలోని షాదీఖానాలకు, కల్యాణ మండపాలకు దానిని పెండ్లి కారుగా అద్దెకు త్రిప్పి జీవించాలని అతని సంకల్పం. ఆ కారు అతనికి అన్నం పెట్టిన నెలలు కొన్ని, నిద్ర లేకుండా చేసిన నెలలు కొన్ని. ఆ రెండవ రకపు నెలలలోనే మేము ఈ విషయాన్ని శ్రద్ధగా తెలుసుకొన్నాము. తెలుసుకొన్నది విద్యార్థులకు చెప్పడం ఉపాధ్యాయుని ధర్మం గనుక ఈ వ్యాసం.

నిజానికి వరంగల్ వారికి ఈ విద్య కొత్తది కాదు. కాజీపేట డీజిల్ లోకోషెడ్డులో టర్బోచార్జరు గల ఇంజనులను ఏళ్ల తరబడి విప్పి బిగించిన చేతులు మన ఊరివే. అక్కడ ఉండిన డబ్ల్యు.డి.ఎం.-2 రకపు రైలు ఇంజను అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనా. 1962లో మన దేశానికి వచ్చి, 1964 నుండి వారణాసి డీజిల్ కర్మాగారంలో తయారయింది. దానికి పదహారు సిలిండర్లు. శక్తి 2600 హార్స్ పవర్. అందులోని డీజిల్ ఇంజను చక్రాలను నేరుగా త్రిప్పదు, జనరేటరును త్రిప్పుతుంది. జనరేటరులో పుట్టిన కరెంటు మోటార్లకు పోయి, ఆ మోటార్లు చక్రాలను కదుపుతాయి. నిప్పు, కరెంటు కలిసి ఒక బండిని లాగడం అరవై ఏళ్ల క్రిందటి నుండే మన దేశంలో ఉన్నదన్నమాట.

మా అమ్మకు అన్న అయిన మామూ ఆ షెడ్డులోనే ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందారు. "ఇంజను డీజిల్ తింటుందని అందరూ అంటారు బేటా! అది ముందు గాలి తింటుంది" అని ఆయన మా చిన్నతనంలో చెప్పేవారు. టర్బోచార్జరు రహస్యమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. ఎక్కువ ఇంధనం కాలాలంటే ఎక్కువ గాలి కావాలి. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని త్రిప్పి, అదే ఇరుసు మీద ఉన్న మరొక చక్రంతో గాలిని ఒత్తి సిలిండర్లలోనికి పంపడమే టర్బోచార్జరు పని. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు పొందాడు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. పొగ బలంగా రావాలంటే ఇంజను గట్టిగా పనిచేయాలి. ఇంజను గట్టిగా పనిచేయాలంటే గాలి బలంగా రావాలి. కనుక డ్రైవరు శక్తి కోరిన క్షణానికి, గాలి అందే క్షణానికి మధ్య కొంత ఆలస్యం తప్పదు. గూడ్సు బండి కదిలేటప్పుడు ఇంజను మీద లేచిన నల్లటి పొగను చూసినవారు మనలో ఎందరో ఉన్నారు. డీజిల్ ముందు వచ్చి, గాలి వెనుక వచ్చినందువలన సగం కాలిన డీజిలే ఆ పొగ. టర్బో ఆరోగ్యాన్ని పరీక్షించడానికి ఇంజను ఆపిన తరువాత అది ఎంతసేపు తిరిగి ఆగుతుందో చెవి ఒగ్గి విని, గడియారం చూసేవారమని మామూ చెప్పేవారు. త్వరగా ఆగితే బేరింగు పట్టుకొంటున్నదని అర్థం.

ఆ పాత రోగానికి నేటి ఖరీదైన కార్లలో చేస్తున్న కొత్త వైద్యమే మైల్డ్ హైబ్రిడ్. పెట్రోలు ఇంజనుకు తోడుగా 48 వోల్టుల మోటారు ఒకటి, చిన్న లిథియం బ్యాటరీ ఒకటి అమర్చుతారు. ఈ మోటారు సాధారణంగా కారును తానొక్కటే నడపలేదు. ఇంజనుకు చేయూత మాత్రం ఇస్తుంది. బ్రేకు వేసినప్పుడు జనరేటరుగా మారి కరెంటు పుట్టించి దాచుతుంది. మళ్లీ కదలవలసి వచ్చినప్పుడు ఆ కరెంటుతో త్రోస్తుంది. సిగ్నలు దగ్గర ఆగిన ఇంజనును కుదుపు లేకుండా మళ్లీ లేపుతుంది. కంపెనీ కొత్త కార్లు విడిచే బొగ్గుపులుసు వాయువు సగటున కిలోమీటరుకు 95 గ్రాములకు దిగాలని ఐరోపాలో పెట్టిన నియమం ఈ ఏర్పాటు వ్యాపించడానికి ఒక ప్రధాన కారణం.

ఒక ఉదాహరణ చూతము. మెర్సిడెస్ బెంజ్ కంపెనీ 2017లో తెచ్చిన ఎం-256 అనే ఇంజనులో ఒకే వరుసలో ఆరు సిలిండర్లు ఉంటాయి. పరిమాణం 2999 సీసీ. మన దేశంలో అమ్మిన జి.ఎల్.ఎస్.-450 కారులో దాని శక్తి 367 హార్స్ పవర్, టార్కు 500 న్యూటన్ మీటర్లు. ఇంజనుకు, గేరుబాక్సుకు నడుమ కూర్చున్న మోటారు అవసరమైనప్పుడు మరి 22 హార్స్ పవర్, 250 న్యూటన్ మీటర్లు అందించగలదు. ఈ ఇంజను రకాలు కొన్నింటిలో పొగతో తిరిగే టర్బోకు తోడు కరెంటుతో తిరిగే చిన్న కంప్రెసరు కూడా ఉన్నది. అది సెకనులో మూడవ వంతు గడవక ముందే నిమిషానికి 70,000 చుట్ల వేగం అందుకొంటుందని కంపెనీ ప్రకటించినది. పెద్ద టర్బో మేలుకొనే లోపల ఈ చిన్నది గాలి అందిస్తుంది. ఏసీ, నీళ్ల పంపు కూడా కరెంటుతోనే నడుస్తాయి గనుక ఇంజను ముందు బెల్టు అనేదే లేదు. గూడ్సు బండి నల్లపొగ విడిచి గడిపిన ఆ క్షణాన్ని ఈ ఇంజను కరెంటుతో పూరిస్తున్నది.

ఇక రోగాల సంగతి. ఇవి రెండు తెగలు. మొదటి తెగ కాజీపేటకు బాగా తెలిసినదే: వేడి, నూనె, మసి. కారు టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని ఇరుసును కాపాడేది పలుచని ఆయిలు పొర. ఆయిలు మార్చడం ఆలస్యం చేస్తే అది వేడికి మాడి గట్టిపడి సన్నని దారులను మూస్తుంది, బేరింగు అరుగుతుంది, పొగగొట్టం నుండి నీలిపొగ వస్తుంది. పెట్రోలును సిలిండరులోనికే నేరుగా చిమ్మే ఇంజనులలో గాలి వాల్వుల వెనుక పెట్రోలు తగలదు గనుక అక్కడ మసి పేరుకొంటుంది. ప్లాస్టిక్కు గొట్టాలు, రబ్బరు సీళ్లు వేడికి పెళుసుబారి కూలెంటు కారుతుంది.

రెండవ తెగ కొత్తది. 48 వోల్టుల బ్యాటరీ బలహీనపడడం, ఆ కరెంటును 12 వోల్టులకు దించే కన్వర్టరు పాడవడం, మోటారును బెల్టుతో తగిలించిన నమూనాలలో బెల్టు, దాని టెన్షనరు అరగడం, కనెక్టర్లలోనికి నీరు చేరడం. కొన్ని కార్లలో వేరే స్టార్టరు ఉండదు. ఇంజనును లేపేది కూడా ఈ మోటారే. అట్టి కారులో 48 వోల్టుల వరుస తెగితే, ఇంజను నిక్షేపంగా ఉన్నా కారు కదలదు. 2024 ఆరంభంలో మెర్సిడెస్ కంపెనీయే అమెరికాలో లక్షకు పైగా కార్లను పరీక్ష కొరకు వెనుకకు పిలిచినది. ముందు సీటు ప్రయాణికుని కాళ్ల క్రింద ఉండే 48 వోల్టుల ఎర్తు తీగ సరిగా బిగియకపోయి ఉండవచ్చుననీ, వదులైన చోట వేడి పుట్టి నిప్పు అంటుకొనే ప్రమాదమున్నదనీ కారణం చెప్పినది. ఎంతటి ఇంజనీరింగు! ఆపద వచ్చినది మాత్రం బిగింపు చాలని ఒక కీలు వద్ద.

మా విద్యార్థి కారు ఈ కంపెనీది కాదు, ఈ ఇంజనూ కాదు. కాని దాని కథ ఇటువంటిదే. ఒక రాత్రి పెండ్లికొడుకును దించి తిరిగి వస్తూ రోడ్డు మీద ఆగిపోయినది. మన ఊరి మెకానిక్కు మామూలు బ్యాటరీ చూసి బాగున్నదన్నాడు, ఆయిలు చూసి బాగున్నదన్నాడు, ఆపైన చేతులెత్తేశాడు. కారును బండి మీద ఎక్కించి సుమారు 150 కిలోమీటర్ల దూరాన హైదరాబాదుకు తీసుకొనిపోయారు. అక్కడి వర్కుషాపులో కంప్యూటరు తగిలించి, 48 వోల్టుల బ్యాటరీ పోయినదని తేల్చి, కొత్తది వేశారు. అతడు ఆ బిల్లు కట్టడానికి చెల్లెలి పెండ్లికని దాచినది తీశాడు. బ్యాంకు వాయిదాలు రెండు తప్పినవి. మూడు వారాలు తిరగకముందే అదే హెచ్చరిక మళ్లీ వెలిగినది.

అప్పుడు మండిబజారు వైపు ఉండే ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్ ఒకాయన, ఎవరిదో స్కానరు అడిగి తెచ్చి, రెండు రోజులు కూర్చొన్నాడు. "సార్, స్కానరు వోల్టేజి తక్కువ ఉన్నదని చెప్తుంది గాని, ఎక్కడ తగ్గిందో చెప్పదు. అది మనమే వెతకాలె" అని మాతో అన్నాడు. వెతికాడు. ఎర్తు తీగ బాడీని తాకే చోట నీరు చేరి పచ్చగా చిలుము పట్టి ఉన్నది. శుభ్రం చేసి, తీగ మార్చి బిగించాడు. ఆ హెచ్చరిక తిరిగి రాలేదు. పాత బ్యాటరీ నిజంగా పోయినదో లేదో ఇప్పుడు చెప్పగలవారు లేరు. పోయిన సొమ్ము మాత్రం తిరిగి రాలేదు.

ఈ అనుభవం నుండి మేము గ్రహించినది ఒక్కటే. యంత్రం ఎంత మారినా, రోగం పుట్టిన చోటును వెతికే గుణం మారరాదు. స్కానరు చూపేది లక్షణం. కారణం కనుగొనడం మనిషి పని. చెవితో టర్బోను విన్న ఫిట్టరుకు, చిలుము కనిపెట్టిన ఎలక్ట్రీషియన్‌కు ఉన్నది ఒకటే విద్య.

ఇటువంటి కారు వాడినది కొనదలచినవారు కొన్ని విషయాలు తప్పక చూడాలి. ఆయిలు మార్చిన రికార్డు పూర్తిగా ఉన్నదా? ఛాసిస్ నంబరు మీద కంపెనీ వెనుకకు పిలిచిన పనులేవైనా మిగిలి ఉన్నవా? ఆగినప్పుడు ఇంజను తనంతట తాను ఆగి లేస్తున్నదా? అది పనిచేయకుంటే 48 వోల్టుల వరుసలో బలహీనత ఉండవచ్చును. నీట మునిగిన కారా? 2020 ఆగస్టులో మన ఊరు కాలనీలకు కాలనీలు మునిగిన సంగతి మరువరాదు. ఆ బ్యాటరీ ధర ముందే కనుక్కొని, అంత సొమ్ము చేతిలో ఉంచుకొన్న తరువాతే బేరమాడాలి.

మరొక మాట. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఇంజనీరింగు కళాశాల, నేటి ఎన్.ఐ.టి., ఈ ఊరిలోనే ఉన్నది. పెద్ద రైలు షెడ్డు ఈ ఊరిలోనే ఉన్నది. అయినా ఒక తీగ చిలుము పడితే మన పిల్లవాడు కారును హైదరాబాదుకు మోసుకొనిపోవలసి వచ్చినది. మన మెకానిక్కులకు తెలివి తక్కువై కాదు. కొత్త విద్య వారి భాషలో వారి దగ్గరకు రానందున. పెద్ద సంస్థలవారు వేసవిలో పది రోజులు వారికి తరగతులు పెట్టవచ్చును. 48 వోల్టుల పనిలో పాటించవలసిన జాగ్రత్తలను, పరీక్షించే వరుసను తేట తెలుగులో, సులభమైన ఉర్దూలో చిన్న పుస్తకంగా వ్రాయవచ్చును. ఆ పుస్తకానికి భాష దిద్దే పని మా రెండు భాషా శాఖలది. షెడ్లలో పానా పట్టే తండ్రుల పిల్లలు మా తరగతులలో ఎందరో కూర్చున్నారు. వ్రాతప్రతిని మొదట చదివి, ఎక్కడ అర్థం కాలేదో చెప్పవలసినవారు వారే.