నోటు విలువ – నమ్మకపు విలువ

"ధనమూలమిదం జగత్" అన్నారు పెద్దలు. బంగారు వరహానో, వెండి రూపాయినో చేతబట్టిన మన పూర్వులకు ఆ లోహమే విలువ. రాతిపై మోగించి చూస్తే దాని నిజానిజాలు తేలిపోయేవి. కాగితపు నోటుకు అటువంటి సహజమైన విలువ లేదు. అది ఒక వాగ్దానం మాత్రమే. ఆ వాగ్దానాన్ని అందరూ నమ్మినంత కాలమే దానికి చలామణి. వానను నమ్మి ఎర్రనేలలో వేరుశనగ విత్తే ముదిగుబ్బ ప్రాంతం వారమైన మాకు, నమ్మకమే పెట్టుబడిగా బ్రతకడం క్రొత్త కాదు. అందువల్లనే ఈ నోటు కథను విద్యార్థి మిత్రులతో ముచ్చటించాలని సంకల్పించాము.

పాఠకులు తమ వద్దనున్న ఐదు వందల రూపాయల నోటును ఒకసారి వెనుకకు త్రిప్పి చూడవలెనని మా ప్రార్థన. అక్కడ పదిహేను భాషలలో దాని విలువ వ్రాసి ఉన్నది. అస్సామీ భాషతో మొదలైన ఆ పట్టికలో చివరి రెండు పంక్తులు తెలుగు, ఉర్దూ. మన సంచికలో ఇరుగుపొరుగుగా ఉన్న ఈ రెండు భాషలు నోటుపై కూడ ఇరుగుపొరుగుగానే ఉన్నవి.

ఈ సహవాసం నేటిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండికి తీవ్రమైన కొరత ఏర్పడినప్పుడు, హైదరాబాదు సంస్థానం 1918లో ఒక కరెన్సీ చట్టం చేసి, పది రూపాయల, నూరు రూపాయల నోట్లను విడుదల చేసినది. 1919లో ఒకటి, అయిదు రూపాయల నోట్లు, 1926లో వెయ్యి రూపాయల నోటు వెలువడినవి. ఆ ఉస్మానియా సిక్కా నోట్లపై ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు కూడ చోటు చేసుకొన్నవి. మన అనంతపురం సీమను నిజాము 1800లోనే ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినందున, ఇక్కడ చెల్లినవి బ్రిటిషు ఇండియా నోట్లే.

హైదరాబాదు నోట్లను తొలుత లండనులోని వాటర్‌లో అండ్ సన్స్ వారు ముద్రించి ఓడలలో పంపేవారు. 1922 మే నెలలో 'ఈజిప్ట్' అను ఓడ ఫ్రాన్సు తీరం దాపున మరొక ఓడను ఢీకొని మునిగిపోయినది. అందులోని బంగారంతో పాటు హైదరాబాదు నోట్ల కట్టలు కూడ సముద్రగర్భం చేరినవి. సుమారు పదేండ్లకు ఇటలీ గజ ఈతగాండ్రు వాటిలో కొన్నింటిని పైకి తీసినారు. కాగితం అసలుదే, ముద్రణ అసలుదే. కాని వాటిపై అధికారి సంతకం లేదు. కనుక అవి ధనం కాలేదు, వింత వస్తువులుగా మిగిలినవి. నోటులోని రహస్యమంతా ఈ ఒక్క ఉదంతంలో ఉన్నదని మాకు తోచుచున్నది.

అటువంటి వాగ్దానాన్ని దొంగల నుండి కాపాడడం ఎట్లు? కాపలా కాగితం నుండే మొదలగును. నోటు కాగితం కలపగుజ్జుతో చేసినది కాదు, ప్రత్తి నారతో చేసినది. అందుకే అది ఎన్ని చేతులు మారినా త్వరగా చినగదు. గుజ్జు తడిగా ఉన్నప్పుడే దానిలో దళసరి, పలుచన భేదాలు కల్పించి గాంధీజీ నీడబొమ్మను రూపొందిస్తారు. అది పైన అద్దిన బొమ్మ కాదు, కాగితపు శరీరంలోనే పుట్టినది. వెలుతురుకు ఎత్తి పట్టితేనే కనబడును. భద్రతా దారాన్ని కూడ కాగితం తయారగునప్పుడే అందులో పొదుగుతారు. నోటును వంచి చూస్తే ఆ దారం ఆకుపచ్చ నుండి నీలానికి మారును. లోతుగా చెక్కిన పలకలలో సిరా నింపి, గొప్ప ఒత్తిడితో అచ్చువేయడం వల్ల గాంధీజీ చిత్రం, అశోకస్తంభం వ్రేలికి గరుకుగా తగులును. అంచులలోని అయిదు గీతలు కూడ అటువంటివే. చూపు లేని సోదరులు ఆ గీతలను తడిమి ఇది ఐదు వందల నోటని గుర్తింపగలరు. వరుస సంఖ్యలోని అంకెలు చిన్నవిగా మొదలై క్రమంగా పెద్దవగును. నేడు మన నోట్లు నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బోనీ ముద్రణాలయాలలో అచ్చగుచున్నవి.

ఇంత కాపలా ఉన్నను దొంగ నోటు పుట్టుచునే ఉన్నది. దాని దెబ్బ తగిలేది ఎవరికి? మా ప్రాంతంలో వాన మొగం చాటేసిన ఒక ఏడు, మేత లేక ఒక అవ్వ తన పొట్టేలును సంతలో అమ్ముకొన్నది. వచ్చిన పైకంలో ఒక ఐదు వందల నోటు నకిలీదని అంగడివాడు చెప్పినాడు. "పొద్దు గూకినాక ఎవరికో ఒకరికి తోసెయ్యి అవ్వా, చీకట్లో ఎవరు చూస్తారు?" అని ఇరుగుపొరుగు వారు సలహా ఇచ్చినారు. అవ్వ ఒప్పుకోలేదు. "నా కడుపు కొట్టిందే సాలు నాయనా, ఇంగొకరి కడుపు కొట్టేదానికి నా చెయ్యి ఎందుకు?" అన్నది. మా మిత్రులలో ఒకరిని తోడు తీసుకొని బ్యాంకుకు పోయి ఆ నోటు ఇచ్చివేసినది. వారు దానిపై నకిలీ అని ముద్ర వేసి, రసీదు వ్రాసి ఇచ్చినారు. డబ్బు మాత్రం రాలేదు. రసీదును మడిచి కొంగున ముడివేసుకొని ఆమె ఇంటిదారి పట్టినది.

నియమం అట్టిదే. నకిలీ నోటుకు బదులు చెల్లిస్తే దొంగలకు అదే రాజమార్గమగును. తెలిసి తెలిసి దానిని మరొకరికి అంటగట్టడం పూర్వపు శిక్షాస్మృతిలోను, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోను నేరమే. అయితే చట్టం పేరైనా వినని ఆ అవ్వ పాటించినది చట్టాన్ని కాదు, ధర్మాన్ని. వేల యంత్రాలు చేయలేని కాపలాను ఆమె ఒక్క మాటతో చేసినది. నోటు వాగ్దానాన్ని ముద్రణాలయం సగమే కాపాడగలదు. తక్కిన సగం దానిని పుచ్చుకొని ఇచ్చే చేతులది.

విద్యావంతులమైన మనకు ఇక్కడొక బాధ్యత ఉన్నది. ఫోనుల ద్వారా చెల్లింపులు ఎంత పెరిగినను, సంతలోను, కూలి పంపకంలోను నేటికీ నోటుకు చోటున్నది. అక్కడి వారిలో చదువు రానివారు అనేకులు. సెలవులకు ఇండ్లకు వెళ్ళునప్పుడు, నీడబొమ్మను, రంగు మారే దారాన్ని, గరుకు గీతలను మన అమ్మలకు, అవ్వలకు, నానీలకు తెలుగులోనో, ఉర్దూలోనో చూపి చెప్పుదము. పైకం పుచ్చుకొన్న చోటనే, వెలుతురు ఉండగానే, నోటును ఎత్తి చూచుకొనే అలవాటు వారికి కలిగితే ఒక పొట్టేలి వెలయైనా నిలుచును. ఆ మాత్రం పని చేయుటకు పెద్ద చదువులు అవసరం లేదు, కొంచెం తీరిక చాలును.