ఇంటి రొట్టె – దానధర్మము

రొట్టె యనగానే పట్టణవాసులకు కొట్టులో కాగితము చుట్టి యమ్ము బ్రెడ్డు తలపునకు వచ్చును. మా కడియమున రొట్టె యనిన మినపరొట్టెయే. దానినే డిబ్బరొట్టె యందురు. రొట్టె కాల్చుట మనకు దొరలు నేర్పిన విద్య యని మిత్రులొకరు మాతో వాదించిరి. క్రింద నిప్పు, మీద నిప్పు, నడుమ మూతవేసిన యినుప మూకుడు: ఇది ఆవము కాక మఱేమి? మా అవ్వల యవ్వలు దానినెట్లు వాడవలయునో యెఱిగియే యుండిరి.

సోలెడు మినపపప్పునకు రెండు సోలల బియ్యపు రవ్వ. పప్పు నాలుగైదు గంటలు నానవలెను. రోట రుబ్బునపుడు నీరు చేతితో చిలుకరించుటయే కాని పోయరాదు. నీరెక్కువైనచో పిండి జాఱి రొట్టె అట్టగును. కడిగి పిండిన రవ్వయు, ఉప్పును, జీలకఱ్ఱయు చేర్చి, నూనె పోసిన మూకుడులో రెండంగుళముల మందమున పఱచి, మూతపై నిప్పులు పోయవలెను. క్రింది సెగ యొక్కటియే యైనచో అడుగు మాడి నడుమ పచ్చిగా నుండును. కొబ్బరిచిప్ప మొదట భగ్గున మండును. ఆ మంట యణగి యెఱ్ఱని నిప్పయిన పిమ్మటనే దానిని మూతపై కెక్కింపవలెను. ఈ యోర్పు మాకు కుదురుటకు మూడేండ్లు పట్టెను. అంచు మూకుడును వదలునపుడు సన్నని చప్పుడొకటి యగును. ఆ చప్పుడు విని మా పిల్లలు పుస్తకములు విడిచి గడపకడకు వచ్చెడివారు. ఎఱ్ఱని పెచ్చు కొఱకు తగవులు, చెఱకుపానకము కొఱకు మఱల తగవులు. వంటింటి పొగకు కండ్లు మండుచున్నను ఆ తగవులు వినుటయందు మాకు గల సంతోషమును దాచనేల?

ఇంటివారికి రెండు రొట్టెలు చాలును. పదిమందికి పెట్టబూనినపుడే చిక్కు. మూకుడునకు ఒక్క రొట్టె. అది కాలుటకు నలువది నిమిషములు. రొట్టె నలుగురికి వచ్చును. నూఱుమందికి ఇరువదియైదు రొట్టెలు కావలెను. మూడు మూకుళ్లు పెట్టినను ఆఱు గంటలు పొయ్యి విడువరాదు. ఈ లెక్క మేము 1986 ఆగస్టులో నేర్చుకొంటిమి. ఆ వరదలో ధవళేశ్వరము కడ గోదావరి 35 లక్షల క్యూసెక్కులతో పాఱినది, లంకలు మునిగినవి. మేము కాపురమునకు వచ్చి యేడాదియైనను కాలేదు. పులిహోర పొట్లములు కట్టిన, వానతేమకు మఱునాటికి చెడును. రొట్టెకు విస్తరి యక్కఱలేదు, గరిటె యక్కఱలేదు, మఱునాటికిని నిలుచును. మా వీధిలో ఏ యింటి మూకుడును ఆ మూడు దినములు చల్లాఱలేదు. ఎవరింట కాలిన రొట్టె యెవరు తినిరో విచారించువారు లేరైరి. నీరు తీసినంతనే విచారణ మఱల మొదలైనదని చెప్పుటకు సిగ్గగుచున్నది.

ఏలయన, మా యత్తగారు ప్రతి కార్తిక సోమవారమును మొక్కల తోటలలో సంచులకు మట్టి నింపు కూలి స్త్రీలకు రొట్టె పెట్టెడివారు. మనసు మంచిది, చేయి మాత్రము జానెడు పైన నిలిచి, ముక్కను వారి కొంగులోనికి జాఱవిడుచును. తాకరాదు గదా! మేమును కొన్నియేండ్లట్లే జాఱవిడిచితిమి. అది చాలదన్నట్లు, సెగ తప్పి మాడిన రొట్టెలను దానమునకు తీసిపెట్టి, చక్కనివి యింట నుంచుకొంటిమి. ఇందులో దోషమున్నట్లు మాకు తోచనైన లేదు. ఒక సోమవారమున ఒక ముసలామె ముక్కను త్రిప్పి చూచి, మిక్కిలి మర్యాదగా, "అమ్మగారూ, ఇవి మాడినవాండి, మాకోసమనే మాడ్చారాండి?" అని యడిగినది. ప్రక్కవారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి అన్నము సహింపలేదు.

మఱుసటి వారము మాడిన రొట్టెను మేమే తింటిమి. చక్కని రొట్టెను కోసి చేతికే యిచ్చితిమి. అత్తగారు మూడు దినములు మాతో మాటలాడలేదు.

మఱియొక మాట. ఈ దానమున పేరు మామగారిది. ఊరివారు వారినే పొగడెడివారు. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేచి రోటికడ కూర్చుండినవారిని గూర్చి యెవరును పలుకరైరి. లంకల గన్నవరమున ఏ వేళ వచ్చిన బాటసారికైనను అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారు 1909లో గతించిరి. 2024లో మన రాష్ట్రపు బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు వారి పేరుంచిరి. సంతోషమే. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిగినపుడు వంటవారును, నీళ్లవారును వెలికి వెఱచి తొలగిపోగా, వీరేశలింగము పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే వండి, గోదావరి నుండి తామే నీరు మోసిరి. సంస్కరణమును గూర్చి యుపన్యసించువారు ఆ బిందె బరువును గూర్చియు ఒక మాట చెప్పినచో బాగుండును. మేము మా యింట మగపిల్లలను రోటికడ కూర్చుండబెట్టితిమి. మొదటి దినమున పిండి కంటె నీరెక్కువైనది, రొట్టె అట్టయైనది, అయినను తినిరి. అమృతసరమున సిక్కుల లంగరులో పురుషులును రొట్టెలు చేయుదురని చెప్పినచో మా మామగారు "అది వారి మతము" అనిరి.

ఇపుడు రోలు పెరటిలో పూలకుండీకి పీట యైనది. గ్యాసుపొయ్యిపై సన్నసెగను రొట్టె కాలుచున్నది. పైనిప్పు లేనందున నడుమ త్రిప్పివేయవలసియున్నది, పెచ్చునకు మునుపటి వాసనయు లేదు. కండ్లు మాత్రము మండుటలేదు. పాత మూకుడే మేలని మాకు హితవు చెప్పు పురుషులకు కొబ్బరిచిప్పలు మేమే సంపాదించి యిత్తుము.

ఆ ముసలామె సంగతి మిగిలినది. మాడిన రొట్టె తరువాతి సంక్రాంతికి ఆమె అరటియాకులో చుట్టి, తన యింట కాల్చిన రొట్టె నొకదానిని తెచ్చి మా యరుగుపై పెట్టినది. "మీరు తింటారోలేదోనండి" అనినది. మేము అక్కడనే విఱిచి తింటిమి. అంచు మా రొట్టెకంటె పలుచగా, కరకరలాడుచు ఉండెను. రవ్వ పాలు కొంచెము తగ్గించినట్లు తోచి యడిగితిమి, చెప్పినది. అత్తగారు తలుపు చాటున నిలిచి చూచుచుండిరి. సాయంకాలమున వంటింటిలోనికి పోయి చూడగా ఆకులో ముక్క యొకటి తగ్గియుండెను. పానకపు గిన్నె మూత తీసియుండెను. మేమేమియు అడుగలేదు.