సిపాయితో నడిగడ్డకు

మాది గోపాల్‌పేట. నైజాం పాలనలో ఇది ఒక చిన్న సంస్థానం. ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఒక మండలం. మా ఇంట్లో సిపాయి అనే కుక్క ఉన్నది. జాతికుక్క కాదు, ఊరకుక్కే. దానికి ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది ఎప్పుడూ వాలి ఉంటుంది.

మొన్న మార్చిలో రెండవ శనివారం సెలవు వచ్చింది. "నాయనా, అలంపురం, గద్వాల చూసివద్దాం!" అని పిల్లలు పట్టుబట్టారు.

"మరి సిపాయి ఎవరి దగ్గర ఉంటుంది?" అన్నాను.

"మన దగ్గరే ఉంటుంది!" అన్నాడు శీను. ఇక నేను మాట్లాడడానికి ఏమీ మిగల్లేదు.

తెల్లవారుజామునే బయలుదేరాం. సిపాయికి ఆ పూట అన్నం పెట్టలేదు. కడుపునిండా తిని కారెక్కితే కుక్కలకు కూడా మనలాగే వాంతులవుతాయి. నీళ్ళకుండ, దాని గిన్నె, మెడతాడు మాత్రం మరిచిపోలేదు.

పెబ్బేరులో ఆనాడు సంత. దారంతా ఎడ్లే! సిపాయి కిటికీలోంచి తల బయటికి పెట్టి ఒక్కొక్క ఎద్దునూ పలకరించసాగింది. నేను అద్దం పైకెత్తి, పిల్లలకు ఒక కథ చెప్పాను. 1903లో అమెరికాలో జాక్సన్ అనే వైద్యుడు, క్రాకర్ అనే మెకానిక్ కలిసి ఆ దేశం ఈ కొసనుంచి ఆ కొసకు కారులో పోయారు. అంతకు ముందు ఎవరూ అలా పోలేదు. దారిలో వాళ్ళు బడ్ అనే కుక్కను కొనుక్కున్నారు. ఆ కారుకు ముందు అద్దం లేదు. దుమ్ముకు పాపం బడ్ కళ్ళు మండిపోయేవి. అందుకని దానికి కూడా కళ్ళద్దాలు పెట్టారు! ఆ కళ్ళద్దాలు ఈనాటికీ వాషింగ్టన్‌లోని మ్యూజియంలో ఉన్నాయి.

"మన సిపాయికి కూడా కొందాం," అన్నది లక్ష్మి.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాం. అక్కడినుంచి నడిగడ్డ. అటు తుంగభద్ర, ఇటు కృష్ణ, నడుమ ఉన్న గడ్డ గనుక ఆ పేరు. తుంగభద్ర ఒడ్డున అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలున్నాయి. బాదామి చాళుక్యులు కట్టించినవి, 1300 ఏళ్ళనాటివి. పేరుకు బ్రహ్మలే గాని అన్నింటిలోనూ ఉన్నది శివుడే. ఊరి దగ్గరే కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా ఉన్నది. శ్రీశైలం ఆనకట్ట నీళ్ళలో మునిగిపోతుందని దాన్ని రాయి రాయీ విప్పి, ఇక్కడికి తెచ్చి, మళ్ళీ పేర్చారు.

గుడిలోకి కుక్కను తీసుకుపోలేం గదా! వేపచెట్టు నీడన కారు ఆపి, అద్దాలు రెండు వేళ్ళంత దించి, "పావుగంటలో వచ్చేద్దాం," అన్నాను.

"ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికైనా పోనన్నాడు," అన్నది లక్ష్మి.

నేను నవ్వి ఊరుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

శిల్పాలు చూస్తూ ఉంటే పావుగంట ముప్పావుగంట అయింది. లక్ష్మికి మాత్రం మనసు నిలవలేదు. నా చేతిలోంచి తాళంచెవి లాక్కుని పరుగెత్తింది. "నాయనా!" అన్న కేక విని నేనూ పరుగెత్తాను.

చెట్టు నీడ పక్కకు జరిగిపోయింది. కారు నిండా ఎండ. సిపాయి సీటు కింద పడి ఉన్నది. నాలుక బారెడు బయటికి వచ్చింది, నోటినుంచి చొంగ కారుతున్నది. పిలిస్తే తల ఎత్తలేదు.

మనకు ఒళ్ళంతా చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల అడుగునే. రొప్పినప్పుడు నాలుక మీది తడి ఆరి, దాని ఒళ్ళు చల్లబడాలి. చుట్టూ ఉన్న గాలే ఉడికిపోతుంటే ఎంత రొప్పి ఏం లాభం? ఎండలో మూసిన కారులో పది నిమిషాలకే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దాలు కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు.

దాన్ని ఎత్తుకుని నీడలో పడుకోబెట్టాం. పొట్టమీదా, పాదాలమీదా కుండలోని నీళ్ళు పోశాం. శీను తన చొక్కా విప్పి విసిరాడు. ఎంతసేపటికోగాని సిపాయి కళ్ళు తెరవలేదు. తరవాత గిన్నెలో నీళ్ళు రెండు గుక్కలు తాగింది. లక్ష్మి నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

సాయంత్రం గద్వాలలో పశువుల డాక్టరుకు చూపించాం. పైకి బాగున్నట్టు కనిపించినా, వడదెబ్బ తగిలిన కుక్కకు లోపల హాని జరిగి ఉండవచ్చునట. ఆయన జ్వరం చూసి, "గండం గడిచింది," అన్నాడు. ఆ రాత్రి మా మేనత్త ఇంట్లో పడుకున్నాం. లక్ష్మి సిపాయి పక్కనే చాప వేసుకున్నది.

మర్నాడు పొద్దున్నే గద్వాల కోటకు పోయాం. సోమనాద్రి అని పేరుపొందిన పెద్ద సోమభూపాలుడు కట్టించిన కోట అది. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉన్నది. "మీరు చూసిరండి," అని నేను సిపాయితో బయట గోడ నీడన కూర్చున్నాను. అది కోటగోడను ఒక్కొక్క రాయే వాసన చూసింది. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50 లక్షలయితే, కుక్క ముక్కులో 20 కోట్లదాకా ఉంటాయట. నాకు కనపడని కోట ఏదో దానికి కనపడినట్టే ఉన్నది.

పిల్లలు తిరిగివచ్చాక లక్ష్మి నా పక్కన కూర్చుని, గుడి ఎలా ఉన్నదో మొదటినుంచీ చెప్పింది. తరవాత జూరాల ఆనకట్ట మీదుగా ఆత్మకూరు దారి పట్టాం. సిపాయి లక్ష్మి ఒళ్ళో తల పెట్టి, గోపాల్‌పేట వచ్చేదాకా నిద్రపోయింది.