వంతెన చెరిగిపోతుంది

మొన్నటి వానకాలంలో ఏడుపాయల దగ్గర, నాగసానిపల్లిలోని బంధువుల ఇంట నాలుగు రోజులున్నాను. సింగూరు గేట్లు ఎత్తడంతో మంజీర పొంగి వనదుర్గమ్మ గర్భగుడిలోకి నీరు వచ్చింది. ఉత్సవ విగ్రహానికి రాజగోపురం దగ్గరనే పూజలు జరిగినవి. అటువంటి వేళ కరెంటు నిలకడ గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇంజనీరింగు చదివే మా మనుమడు ఒక ఎఫ్‌పీజీఏ బోర్డు వెంట తెచ్చుకున్నాడు. మామూలు చిప్పుకు తయారైననాడే పని నిర్ణయమై ఉంటుంది. దీనికి మాత్రం మనమిచ్చిన రూపమే రూపం. 1985లో జైలింక్స్ సంస్థ తొలిసారి ఇటువంటిది తెచ్చిందట. వాడు దీపాలు వరుసగా వెలిగించి చూపుతుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి బోర్డు మూగబోయింది.

"కరెంటు పోంగనే అంత మర్చిపోతది తాతా. ఫ్లాష్‌ల రాయలే, మీదమీదనే ఎక్కించిన. ఎల్లుండి సారు ముందట పెట్టాలె" అన్నాడు దిగులుగా.

ఎఫ్‌పీజీఏకు ధారణ లేదు. పక్కన ఫ్లాష్ అనే చిన్న చిప్పు ఉంటుంది. కరెంటు వచ్చిన ప్రతిసారీ దానిలోని పాఠాన్ని చదువుకొని ఇది మేలుకుంటుంది. ఆ పాఠం రాయడానికి వాడు జేటాగ్ తీగ తగిలించినాడు. అతుకులు సరిగా ఉన్నవో లేవో పరీక్షించడానికి పుట్టి, 1990లో ఐఇఇఇ 1149.1 ప్రమాణమైన పద్ధతి అది. టీసీకే, టీఎంఎస్, టీడీఐ, టీడీఓ అనే నాలుగు తీగల సంభాషణ.

చిక్కేమంటే ఆ తీగ ఎఫ్‌పీజీఏ వరకే పోతుంది. ఫ్లాష్‌కు జేటాగ్ భాష తెలియదు, ఎస్‌పీఐ భాషే తెలుసు. అందువలన ముందుగా ఎఫ్‌పీజీఏలో ఒక దుబాసీ రూపాన్ని ఎక్కిస్తారు. దాన్ని వంతెన అనవచ్చు. దాని మీదుగా ఫ్లాష్‌ను చెరిపి, రాసి, తిరిగి చదివి సరిచూస్తారు. చెరపడమంటే గళ్ళన్నీ ఒకట్లు చేయడం. రాయడమంటే కావలసిన చోట సున్నాలు పెట్టడం. సున్నాను మళ్ళీ ఒకటి చేయాలంటే ఆ భాగమంతా చెరపవలసిందే. పలక తుడవనిదే కొత్త అక్షరం దిద్దించలేము కదా!

"రాసుడైనంక ఆ వంతెన ఏమైతది?" అని అడిగినాను.

"ఇగ దానితోని ఏం పని తాతా? బంద్ చేసి పెడితే పోతది."

ఆ మాట నన్ను తాకింది. నిరుడు మెదక్ బస్‌స్టాండులో ఒక నడివయస్కుడు తన కూతురికి గుణసంధి చెప్తున్నాడు. నేను చెప్పిన తీరే, నేనిచ్చిన ఉదాహరణలే. ఆశగా దగ్గరికి పోయినాను. అతడు నన్ను గుర్తుపట్టలేదు. "ఎవరు కావాలండీ?" అన్నాడు. ముప్పై రెండేండ్లు బడిలో గొంతు అరిగిన వాణ్ణి. ఆ ప్రశ్నను ఏడాదిగా మోస్తున్నాను.

వాడు బోర్డు మీది జంపరును ఫ్లాష్ వైపు మార్చి, కరెంటు తీసి మళ్ళీ పెట్టినాడు. దీపాలు వరుసగా వెలిగినవి. జేటాగ్ తీగ పక్కన ఊడదీసి ఉన్నది.

మిత్రులారా, ఆ నడివయస్కుడు మళ్ళీ కనబడితే నా పేరు చెప్పను. పాపకు వృద్ధిసంధి వచ్చిందా అని మాత్రం అడుగుతాను.