మంచు మూసిన దారిలో

అమెరికా ఈశాన్య తీరాన, అట్లాంటిక్ సముద్రాన్ని ఆనుకుని ఉన్న బోస్టన్ నగరానికి మంచు కొత్త కాదు. మనకు వానాకాలం ఎంత సహజమో అక్కడివారికి మంచుకాలం అంత సహజం. ఒక శీతాకాలం మొత్తం మీద సగటున సుమారు 44 అంగుళాల మంచు పడుతుంది. కాని 2014-15 శీతాకాలంలో ఆ నగరం మీద 110.6 అంగుళాల మంచు కురిసింది. అంటే తొమ్మిది అడుగుల పైమాట. నగరపు రికార్డులలో అంతటి శీతాకాలం మరొకటి లేదు. అందులో అధికభాగం జనవరి చివరివారానికి, ఫిబ్రవరి నెలాఖరుకు నడుమనే పడింది. ఒక్క ఫిబ్రవరిలోనే 64.8 అంగుళాలు. ఆ నెల సగటు ఉష్ణోగ్రత సున్నాకు ఏడు డిగ్రీల సెల్సియస్ దిగువన ఉన్నందున పడినది కరగలేదు. పాత మంచు మీద కొత్త మంచు పేరుకుంటూ పోయింది.

మంచు తుఫాను అనగానే మనవారు వడగళ్ల వాన వంటిదేదో ఊహించుకుంటారు. వాస్తవానికి గాలి హోరే తప్ప మంచు పడే చప్పుడు వినిపించదు. దూదేకిన పింజల్లా రాత్రంతా నిశ్శబ్దంగా రాలి, తెల్లవారేసరికి గడపను, మెట్లను, కార్లను, రహదారిని ఒక్కటి చేసివేస్తుంది. వానకూ దీనికీ ఉన్న అసలు తేడా ఒకటే. వాన నీరు పల్లం వెతుక్కుంటూ తన దారిన తాను పోతుంది. మంచు మాత్రం పడిన చోటనే ఉండిపోతుంది. దానిని మనిషే ఎత్తి పక్కన వేయాలి. ఎక్కడ వేయాలి, ఎవరు వేయాలి అన్న ప్రశ్నల చుట్టూనే ఆ కాలంలో బోస్టన్ నగర జీవితం తిరుగుతుంది.

బోస్టన్ ప్రజలు తమ నగర రవాణా వ్యవస్థను ముద్దుగా ‘టీ’ అని పిలుస్తారు. ఎరుపు, నారింజ, నీలం, ఆకుపచ్చ రంగుల పేర్లతో రైలు మార్గాలున్నాయి. వాటికి తోడు బస్సులు, పడవలు. అమెరికాలో మొట్టమొదటి భూగర్భ రైలు మార్గం ఈ నగరంలోనే, ట్రెమాంట్ వీధి కింద, 1897 సెప్టెంబరు 1న ప్రారంభమయింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1888 మార్చిలో, వచ్చిన మహా మంచు తుఫాను ఈశాన్య అమెరికాను, ముఖ్యంగా న్యూయార్కు నగరాన్ని స్తంభింపజేసింది. రైళ్లను భూమి లోపలికి దించాలన్న ఆలోచనకు అది బలం చేకూర్చింది. అయితే నేటి ‘టీ’ మార్గాలు అన్నిచోట్లా నేల కింద లేవు. నగర మధ్యం దాటగానే అనేకం ఆకాశం కిందికి వస్తాయి. మంచు వాటిని పట్టుకునేది అక్కడే.

రైలు ఎందుకు ఆగిపోతుందో తెలుసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఎరుపు, నారింజ మార్గాల రైళ్లకు విద్యుత్తు పైనున్న తీగల నుండి కాక, పట్టాల పక్కన నేల మట్టానికి దగ్గరగా అమర్చిన మూడో పట్టా నుండి అందుతుంది. దాని మీద మంచు గడ్డకట్టితే విద్యుత్తు అందదు. పాత రైళ్ల మోటార్లు చల్లబడేందుకు బయటి గాలిని లోనికి పీల్చుకుంటాయి. పొడిమంచు ఆ గాలితో పాటు లోపలికి చేరి, కరిగి, మోటారును పాడుచేస్తుంది. ఆనాడు నడుస్తున్న ఎరుపు మార్గపు పెట్టెలలో కొన్ని 1969-70 నాటివి. నారింజ మార్గపువి 1980 ప్రాంతానివి. అప్పులలో కూరుకుపోయిన సంస్థ వాటిని సకాలంలో మార్చలేకపోయింది. ఏళ్లుగా వాయిదా పడిన ఖర్చును ఆ శీతాకాలం ఒక్కసారిగా వసూలు చేసింది.

జనవరి 26, 27 తేదీల తుఫానులో 24.6 అంగుళాల మంచు పడింది. గవర్నరు వాహన సంచారాన్ని నిషేధించారు. 27న రవాణా పూర్తిగా నిలిచిపోయింది. ఫిబ్రవరి రెండవ వారంలో మరో తుఫాను వచ్చింది. 9వ తేదీన ఎరుపు మార్గంలో ఒక రైలు ప్రయాణికులతో సహా రెండు గంటలకు పైగా దారిలోనే చిక్కుకుపోయింది. ఆ సాయంత్రం 7 గంటలకు రైళ్లన్నీ ఆపివేశారు. 10వ తేదీ మంగళవారం పగలంతా నడవలేదు. మరునాడు సంస్థ అధినేత్రి తన రాజీనామా ప్రకటించారు. 15వ తేదీన మూడవసారి రవాణా మూతపడింది. పట్టాల మీది మంచు తొలగించేందుకు నేషనల్ గార్డు సైనికులు వచ్చారు. కారాగారాల నుండి ఖైదీలను సైతం రప్పించారు. మంత్రులు, ఇంజినీర్లు, యంత్రాలు అన్నీ ఉన్న నగరంలో చివరకు ఆధారమైనది మనిషి చేతిలోని పార.

ఆ దినాలలో నేను మా ఆపా కుమారుని ఇంట, నారింజ మార్గంలోని స్టోనీ బ్రూక్ స్టేషనుకు సమీపంలో ఉన్నాను. మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 10వ తేదీ ఉదయం, “ఈ రోజు సెలవా బేటా?” అని అడిగితే, “సెలవేమీ లేదు మామూ, ఇంటి నుంచే పని” అంటూ కంప్యూటరు తెరిచి కూర్చున్నాడు. బడులు మూసినందున పిల్లలకు పండుగలా ఉంది. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. అదే వేళ కిటికీ బయట ఒక స్త్రీ మోకాళ్ల లోతు మంచులో నడిచి వెళుతూ కనిపించింది. ఆమె పై అంతస్తులో నివసించే సోమాలియా దేశపు సోదరి. లాంగ్‌వుడ్ ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో వార్డులు శుభ్రపరచే ఉద్యోగం ఆమెది. రైలు లేదు. సుమారు మూడు కిలోమీటర్ల దూరం. ఫజ్ర్ నమాజు ముగియగానే బయలుదేరింది.

ఆ సాయంత్రం మా కోడలు ఆమెకు వేడి సూపు తీసుకువెళ్లి, ఇంతటి వాతావరణంలో ఎందుకు వెళ్లావని అడిగింది. ఆమె జవాబు సూటిగా ఉంది. గంటల లెక్కన జీతం. వెళ్లని రోజుకు రాదు. అంతేకాదు, రోగులకు మంచు సెలవులుండవు. తాను వెళ్లకపోతే ఆ వార్డు ఎవరు తుడుస్తారు? రాత్రి విధులలోని నర్సులు ఇళ్లకు వెళ్లలేక మడత మంచాల మీద నిద్రించారని కూడా ఆమె చెప్పింది.

నగరం ఆగిపోయింది అని మనం అంటాము. కాని నగరం ఎన్నడూ అందరికీ సమానంగా ఆగదు. కొందరికి ఆగడమంటే ఇంట్లో కూర్చుని పని చేసుకోవడం. మరికొందరికి ఆగడమంటే ఆ వారం ఇంటి అద్దెలో కొంత తగ్గడం. ‘టీ’ మీద అత్యధికంగా ఆధారపడేది ఈ రెండవ వర్గమే. వంటశాలల్లో, ఆసుపత్రుల్లో, హోటళ్లలో పనిచేస్తూ, కారు కొనే స్తోమత లేనివారు. రైలు ఆగిననాడు మొదట నష్టపోయేది వారే; ఎలాగోలా నడిచి వెళ్లి నగరాన్ని నిలబెట్టేదీ వారే.

అదే నారింజ మార్గంలో స్టోనీ బ్రూక్ నుండి రెండు స్టేషన్ల అవతల రాక్స్‌బరీ క్రాసింగ్ ఉంది. స్టేషను పక్కనే, మాల్కమ్ ఎక్స్ పేరు పెట్టిన రహదారి మీద, ఎర్ర ఇటుకల గోడలతో, ఎత్తైన మినార్‌తో విశాలమైన మస్జిదు కనిపిస్తుంది. 2009లో ప్రారంభమైన ఈ ఇస్లామిక్ కేంద్రం న్యూ ఇంగ్లాండ్ ప్రాంతంలోని ప్రముఖ మస్జిదులలో ఒకటి. మాల్కమ్ ఎక్స్ తన యౌవనంలో అక్క ఇంట నివసించింది ఈ రాక్స్‌బరీలోనే. జుమా రోజున ఇక్కడ ఆఫ్రికా, అరబ్బు, దక్షిణాసియా దేశాల వారంతా ఒకే వరుసలో నిలబడతారు. వారిలో చాలామంది ఆ రైలు దిగి వచ్చేవారే. కనుక రైలు ఆగితే వరుసలూ పలచబడతాయి.

ఇటువంటి వేళల కోసమే ధర్మం సౌలభ్యాన్ని ఉంచింది. చలి, వాన, గాలి తీవ్రంగా ఉన్న రాత్రులలో, ప్రజలు తమ బసలలోనే నమాజు చేసుకోవాలని ప్రకటించమని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ముఅజ్జిన్‌ను ఆదేశించేవారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తెలిపిన హదీసు ప్రసిద్ధం. వుజూ చేసి తొడిగిన తోలు మేజోళ్ల మీద స్థానికుడు ఒక పగలు, ఒక రాత్రి, ప్రయాణికుడు మూడు పగళ్లు, మూడు రాత్రులు మసహ్ చేసుకోవచ్చు. మన ఊళ్లలో ఈ మసాయిల్ పుస్తకాలలో చదివి పేజీ తిప్పేస్తాము. బోస్టన్ చలిలో అవి ప్రతి వుజూకూ అవసరమవుతాయి. ఆ రోజుల్లో మా మేనల్లుని ఇంట ఐదు పూటలా జమాఅత్ జరిగింది. హాలులో దుప్పట్లు పరచి, పదేళ్ల బాలుడు ఇఖామత్ చెప్పాడు. సూర్యుడు సాయంత్రం ఐదు దాటగానే అస్తమిస్తాడు గనుక జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుకుంటూ వస్తాయి. మస్జిదుకు వెళ్లలేని లోటు ఇంటిని మస్జిదుగా మార్చింది.

అయితే సౌలభ్యం ఒక అనుగ్రహం. ప్రతి అనుగ్రహానికీ లెక్క ఉంటుంది. ఇంట్లో ఉండే వీలు మనకు లభించినప్పుడు, ఆ వీలు లేని వారి పట్ల మన బాధ్యత పెరుగుతుంది. దీనిని నేను ఆ వీధిలోనే గ్రహించాను.

బోస్టన్ నగర నిబంధన ప్రకారం మంచు ఆగిన మూడు గంటలలోగా, రాత్రివేళ ఆగితే సూర్యోదయమైన మూడు గంటలలోగా, ప్రతి ఇంటి యజమానీ తన ఇంటి ముందరి కాలిబాటను శుభ్రం చేయాలి. దారి కనీసం 42 అంగుళాల వెడల్పు ఉండాలి. చక్రాల కుర్చీ, పసిబిడ్డల తోపుడు బండి వెళ్లేందుకు ఆ కొలత. చాలామంది చేస్తారు కూడా. చిక్కంతా వీధి మలుపులో వస్తుంది. రోడ్డు మీది మంచును నెట్టే బండ్లు దానిని అంచులకు తోస్తాయి. అది మలుపులో, బస్‌స్టాపుల దగ్గర నడుము ఎత్తు గోడలా గడ్డకడుతుంది. ఇరువైపుల ఇళ్లవారూ తమ వంతు చేశామనుకుంటారు. నడుమనున్న ఆ గోడ ఎవరిదీ కాదు. వృద్ధులు, గర్భిణులు, చక్రాల కుర్చీవారు సరిగ్గా అక్కడే ఆగిపోతారు. అగ్నిమాపక కుళాయిల సంగతీ అంతే. అవి మంచు కింద కప్పబడితే అగ్నిప్రమాద సమయంలో ఫైరింజను వారు వెతుక్కోవాలి. అందుకే తమ వీధి కుళాయి చుట్టూ తవ్వి ఉంచమని అగ్నిమాపక శాఖ పౌరులను కోరుతుంది.

ఎవరిదీ కాని ఆ గోడ దగ్గరే మనిషి గుణం బయటపడుతుంది. బోస్టన్‌లో మరో ఆచారం ఉంది. కారు నిలిపే జాగాను కష్టపడి తవ్వుకున్నవారు, బయటికి వెళ్లేటప్పుడు అక్కడ ఒక పాత కుర్చీనో, ప్లాస్టిక్ డబ్బానో ఉంచి వెళతారు. చెమటోడ్చాను గనుక ఆ చోటు నాది అని దాని అర్థం. మంచు అత్యవసర స్థితి ముగిసిన 48 గంటల వరకు నగరం దానిని సహిస్తుంది, తరువాత తొలగిస్తుంది. దీనిపై అక్కడ వాదోపవాదాలు చాలా జరుగుతాయి. సౌత్ ఎండ్ ప్రాంతపు నివాసుల సంఘాలు ఆ ఆచారం తమకు వద్దని తీర్మానించుకున్నాయి. శ్రమించినవాని బాధను నేను కాదనను. అయితే వీధి అందరిదీ. ఒకే పార కొందరి చేతిలో జాగాను సొంతం చేసుకుంటుంది. కొందరి చేతిలో దారిని అందరికీ తెరుస్తుంది.

ఈమాన్‌కు డెబ్బైకి పైగా శాఖలున్నాయనీ, దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం వాటిలో అతి చిన్నదనీ దైవప్రవక్త (స) బోధించారు. దారికి అడ్డుగా ఉన్న ముళ్లకొమ్మను తీసివేసిన ఒక మనిషిని అల్లాహ్ క్షమించాడని కూడా తెలిపారు. ఆ రోజు రాత్రి ఇషా తరువాత మా మేనల్లుడు, అతని కుమారుడు, ఎదురింటి క్రైస్తవ వృద్ధుని మనుమడు కలిసి మలుపులోని ఆ గోడను తవ్వారు. గంటన్నర పట్టింది. స్టేషను వైపు ఒక మనిషి పట్టే దారి ఏర్పడింది. దాని మీద ఉప్పు చల్లారు. అది మా ఇంటి ముందరి బాట కాదు. చట్టం వారిని అడగలేదు. మరునాడు తెల్లవారుజామున పై అంతస్తు సోదరి ఆ దారిలో బూట్లు తడవకుండా నడిచి వెళ్లింది. దానిని ఎవరు తవ్వారో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నగరం కూడా కొంత నేర్చుకుంది. ఆ వేసవిలోనే రాష్ట్ర ప్రభుత్వం రవాణా సంస్థ పర్యవేక్షణకు ప్రత్యేక మండలిని నియమించింది. 2019లో నారింజ మార్గంలో కొత్త రైళ్లు నడవసాగాయి. వీధుల నుండి లారీలలో తరలించి సముద్రతీరపు ఖాళీ స్థలంలో కుప్పపోసిన మంచు కొండ, చెత్తాచెదారంతో నల్లబడి, 2015 జూలై 14న గాని పూర్తిగా కరగలేదు. నడి వేసవి దాకా ఆ శీతాకాలపు బాకీ మిగిలే ఉంది.

మన కర్నూలులో, వరంగల్లులో మంచు పడదు. కాని వాన వెలిసిన మరునాడు మురుగు పొంగిన మలుపులున్నాయి, మూత లేని మ్యాన్‌హోళ్లున్నాయి, ఎవరిదీ కాని అడ్డంకులు వీధి వీధినా ఉన్నాయి. ఆ దారిన తెల్లవారకముందే పనికి వెళ్లేవారూ ఉన్నారు. వాన పడుతున్నందున ఇంట్లోనే నమాజు చేసుకునే సౌలభ్యం మనకు లభించిన పూట, వాన వెలిశాక ఒక పార అందుకుని ఆ మలుపు దాకా వెళ్లి చూద్దాం.